పోయిన బ్రాంచ్‌లు, పోని పేర్లు: గిట్ రిపోలో పాత రిఫరెన్సులు శుభ్రం చేసుకోవడం ఎలా?

కోడ్‌లో చేసిన మార్పులను గుర్తుపెట్టుకునే టూల్ గిట్; అది చూసుకునే ప్రాజెక్టు ఫోల్డరే రిపో, అందులో పని వేరుగా చేసుకునే దారి బ్రాంచ్. మీ ప్రాజెక్టు ఫోల్డర్లోకి వెళ్లి ఒకసారి ఈ కమాండ్ కొట్టి చూడండి.

గిట్ బ్రాంచ్ -ఎ

జాబితా స్క్రీన్ దాటి పోయిందా? అందులో సగం పేర్లు ఎవరివో, ఎప్పటివో గుర్తు రావు. ఎప్పుడో టీమ్ మారిన మనిషి పేరుతో ఒకటి, "టెస్ట్2", "టెస్ట్2-ఫైనల్", "టెస్ట్2-ఫైనల్-ఇదే" అంటూ ఇంకో మూడు. సర్వర్‌లోకి వెళ్లి చూస్తే అక్కడ వీటిలో చాలా వరకు ఉండవు. అద్దెకున్నవాళ్లు ఖాళీ చేసి వెళ్లిపోయినా గేటు మీద నేమ్‌ప్లేటు మిగిలిపోయినట్టు, మన లాప్‌టాప్‌లో మాత్రం అలాగే ఉంటాయి.

మొదలుపెట్టే ముందు ఒక మాట. కమాండ్లను, గిట్ ఇచ్చే మెసేజ్‌లను పలికినట్టే తెలుగు అక్షరాల్లో రాస్తున్నాను. టెర్మినల్లో మాత్రం ఇంగ్లిష్‌లోనే కొట్టాలి. "చిన్న డి", "పెద్ద డి" అన్నచోట ఆ తేడా బాగా చూసుకోండి. పని పోవడానికీ మిగలడానికీ మధ్య ఉన్నది అదే.

పేరు ఒకటే, ఉండేది మూడు చోట్ల

మీరు "పేమెంట్-ఫిక్స్" అనే బ్రాంచ్ చేసి పుష్ చేశారనుకోండి, అంటే సర్వర్‌కి పంపారనుకోండి. ఆ పేరు ఇప్పుడు మూడు చోట్ల ఉంది. ఒకటి సర్వర్‌లో. రెండోది మీ లాప్‌టాప్‌లో, మీరు పని చేసే లోకల్ బ్రాంచ్. మూడోది కూడా మీ లాప్‌టాప్‌లోనే, "ఆరిజిన్/పేమెంట్-ఫిక్స్" అనే పేరుతో (ఆరిజిన్ అంటే ఆ సర్వర్‌కి గిట్ పెట్టుకున్న పేరు). చాలామంది ఈ మూడోదాన్ని సర్వర్‌లో ఉన్న బ్రాంచ్ అనుకుంటారు. కాదు. చివరిసారి ఫెచ్ చేసినప్పుడు, అంటే సర్వర్ నుంచి కొత్త సంగతులు తెచ్చుకున్నప్పుడు, అక్కడ ఆ బ్రాంచ్ ఏ కమిట్ (సేవ్ చేసిన మార్పు) దగ్గర ఉందో మీ గిట్ రాసిపెట్టుకున్న చీటీ అది. రిమోట్ ట్రాకింగ్ బ్రాంచ్ అంటారు దాన్ని.

చీటీ అని ఊరికే అనలేదు. ప్రాజెక్టులో దాగి ఉన్న .గిట్ ఫోల్డర్ తెరిచి, అందులో రెఫ్స్, దాని లోపల రిమోట్స్, ఆ లోపల ఆరిజిన్ దాకా వెళ్లండి. పేమెంట్-ఫిక్స్ అనే చిన్న ఫైల్ కనిపిస్తుంది. నోట్‌ప్యాడ్‌లో తెరిస్తే ఉండేది ఒకే లైను, 40 అక్షరాల కమిట్ నంబరు. అంతే, రిఫరెన్స్ అంటే. ఫైల్ అక్కడ కనిపించకపోతే .గిట్ ఫోల్డర్లోనే ప్యాక్‌డ్-రెఫ్స్ అనే ఒకే ఫైల్లో అన్నిటితో కలిపి రాసి ఉంటుంది.

ఇప్పుడు పుల్ రిక్వెస్ట్ (మీ మార్పులను ప్రధాన బ్రాంచ్‌లో కలపమని పెట్టే అభ్యర్థన) మెర్జ్ అయింది, అంటే కలిసింది, ఎవరో సర్వర్‌లో డిలీట్ బటన్ నొక్కారు. మొదటిది పోయింది. మిగతా రెండూ కదలవు. గిట్ ఫెచ్ కొత్తవి తెస్తుంది కానీ పోయినవాటిని తనంతట తను తీయదు. ఇది బగ్ కాదు. స్పష్టంగా పారేయమని చెబితే తప్ప ఏదీ పారేయకపోవడం గిట్ స్వభావం, ఫెచ్ మాన్యువల్‌లోనే ఈ సంగతి రాసి ఉంటుంది.

ఉంటే నష్టమేంటి?

ఎక్కువసార్లు చికాకు తప్ప నష్టం లేదు. ట్యాబ్ నొక్కితే పాత పేర్లన్నీ వస్తాయి, ఎడిటర్‌లో బ్రాంచ్ వెతకడానికి స్క్రోల్ చేస్తూ కూర్చోవాలి. కానీ ఒక సందర్భంలో మాత్రం పని ఆగిపోతుంది. ఫెచ్ కొడితే ఇలా వస్తుంది:

ఎర్రర్: కెనాట్ లాక్ రెఫ్ 'రెఫ్స్/రిమోట్స్/ఆరిజిన్/రిలీజ్/2.4': 'రెఫ్స్/రిమోట్స్/ఆరిజిన్/రిలీజ్' ఎగ్జిస్ట్స్, కెనాట్ క్రియేట్

ఏమైందంటే, ఒకప్పుడు సర్వర్‌లో "రిలీజ్" అని ఒక బ్రాంచ్ ఉండేది. తీసేశారు. ఇప్పుడు ఎవరో "రిలీజ్/2.4" అని కొత్తది చేశారు. దాన్ని రాసుకోవాలంటే మీ గిట్‌కి "రిలీజ్" అనే ఫోల్డర్ కావాలి. కానీ ఆ పేరుతో అక్కడ పాత చీటీ, అంటే ఫైల్, కూర్చుని ఉంది. ఒకే చోట ఒకే పేరుతో ఫైలూ ఫోల్డరూ ఉండలేవు.

తమాషా ఏంటంటే, నిన్న చేరిన ఫ్రెషర్‌కి అన్నీ బాగానే పని చేస్తాయి. ఐదేళ్ల నుంచి ఉన్న సీనియర్‌కే ఈ ఎర్రర్. ఫ్రెషర్ కొత్తగా క్లోన్ చేశాడు (సర్వర్ నుంచి మొత్తం కాపీ దించుకున్నాడు) కాబట్టి అతని దగ్గర పాత చీటీలు లేవు. అది చూసి సీనియర్లు కూడా ఫోల్డర్ మొత్తం డిలీట్ చేసి మళ్లీ క్లోన్ చేస్తుంటారు. పని అవుతుంది, నిజమే. దాంతోపాటు స్టాష్‌లో (కమిట్ చేయకుండా పక్కన పెట్టుకునే చోటు) దాచినవీ, ఇంకా పుష్ చేయని లోకల్ బ్రాంచ్‌లూ పోతాయి. ఎలుక ఉందని ఇల్లు తగలబెట్టుకోనక్కర్లేదు.

ముందు చూడండి, తర్వాత తీయండి

తీసే ముందు ఏవి పోతాయో అడగండి.

గిట్ రిమోట్ ప్రూన్ --డ్రై-రన్ ఆరిజిన్

సర్వర్‌ని అడిగి, అక్కడ లేనివాటి పక్కన "వుడ్ ప్రూన్" అని రాసి చూపిస్తుంది. ఏదీ తీయదు. ఈ జాబితా ఒక్క నిమిషం కళ్లతో చదవండి. సర్వర్‌లో పోయినా మీకు ఇంకా కావలసిన బ్రాంచ్ ఏదైనా ఉంటే, ఉదాహరణకు మానేసి వెళ్లిన కొలీగ్ సగంలో ఆపిన పని, మీ దగ్గర ఉన్న చీటీయే దానికి ఆఖరి ఆధారం కావచ్చు. అలాంటిది కనిపిస్తే ముందు దాని మీద ఒక లోకల్ బ్రాంచ్ పెట్టుకోండి.

గిట్ బ్రాంచ్ దాచినది ఆరిజిన్/పేమెంట్-ఫిక్స్

తర్వాత నిశ్చింతగా:

గిట్ ఫెచ్ --ప్రూన్

"డిలీటెడ్" అనే లైన్లు వరసగా వస్తాయి. పైన చెప్పిన లాక్ ఎర్రర్ కూడా దీంతోనే పోతుంది. ఆ ఎర్రర్ కింద చివరి లైన్లో గిట్ రిమోట్ ప్రూన్ ఆరిజిన్ వాడి చూడమని గిట్టే సలహా ఇస్తుంది. మనం ఎర్రర్ మొదటి లైన్ చూసి టెన్షన్ పడి అక్కడి దాకా చదవం.

ప్రూన్ ముట్టుకునేది ఆ మూడో రకాన్ని మాత్రమే. మీ లోకల్ బ్రాంచ్‌ని తాకదు, సర్వర్‌ని అసలే తాకదు. అందుకే దీన్ని ఎప్పటికీ ఆన్‌లో పెట్టేసుకోమంటాను:

గిట్ కాన్ఫిగ్ --గ్లోబల్ ఫెచ్.ప్రూన్ ట్రూ

ఇకమీద ఫెచ్ కొట్టినా, పుల్ కొట్టినా చీటీలు వాటంతటవే శుభ్రమవుతాయి.

దీని పక్కనే ఫెచ్.ప్రూన్‌ట్యాగ్స్ అని ఇంకో సెట్టింగ్ ఉంది. దాన్ని మాత్రం ఆన్ చేయకండి. బ్రాంచ్‌లకు ఒక్కో రిమోట్‌కి ఒక్కో అర ఉంటుంది. ట్యాగ్‌లకు (ఒక కమిట్‌కి గుర్తుగా పెట్టే పేర్లకు) అలా లేదు, మీవీ సర్వర్‌వీ అన్నీ ఒకే అరలో ఉంటాయి. సర్వర్‌లో లేని ట్యాగ్‌లన్నీ తీసేయమంటే, మీరు గుర్తు కోసం పెట్టుకుని పుష్ చేయని ట్యాగ్‌లు కూడా అందులో కొట్టుకుపోతాయి. పనికిరాని ట్యాగ్ ఉంటే గిట్ ట్యాగ్ చిన్న డి కొట్టి ఒక్కొక్కటిగా తీసుకోవడమే మేలు.

లోకల్ బ్రాంచ్‌లు: ఇక్కడ నిదానం

అసలు జాగ్రత్త ఇక్కడ. ముందు మెయిన్‌లోకి, అంటే ప్రధాన బ్రాంచ్‌లోకి, వెళ్లి దాన్ని తాజా చేసుకోండి.

గిట్ స్విచ్ మెయిన్
గిట్ పుల్

ఇప్పుడు:

గిట్ బ్రాంచ్ -వివి

ప్రతి లోకల్ బ్రాంచ్ పక్కన అది సర్వర్‌లో దేనికి జతో చూపిస్తుంది. జత పోయినవాటికి [ఆరిజిన్/పేమెంట్-ఫిక్స్: గాన్] అని ఉంటుంది. "గాన్" అంటే సర్వర్‌లో ఆ బ్రాంచ్ లేదని మాత్రమే. మెర్జ్ అయిందని కాదు. మెర్జ్ చేయకుండానే రిక్వెస్ట్ మూసేసి బ్రాంచ్ తీసేసినా ఇదే మాట కనిపిస్తుంది.

ఈ తేడా నాకు తెలిసిన తీరు చెబుతాను. ఒక శుక్రవారం సాయంత్రం, ఇంటికి వెళ్లే తొందరలో, ఎక్కడో దొరికిన ఒక పొడవాటి లైన్ కాపీ చేసి కొట్టాను. "గాన్" అని ఉన్న బ్రాంచ్‌లన్నిటినీ ఏరి, ఒక్క దెబ్బలో బలవంతంగా తీసేసే లైన్ అది. ఇరవై దాకా పేర్లు పోయాయి. మహా ఆనందం. సోమవారం ఉదయం మేనేజర్ వచ్చి, "ఆ రిపోర్ట్ ఫీచర్ వద్దని ఆపాం కదా, క్లయింట్ మళ్లీ అడుగుతున్నాడు, ఉంది కదా నీ దగ్గర?" అన్నాడు. రెండు రోజుల పని. రిక్వెస్ట్ మూసేశారు, సర్వర్‌లో తీసేశారు, మిగిలింది నా లాప్‌టాప్‌లో ఒక్కటే. దాన్నీ నా చేత్తోనే తీసేశాను. తిరిగి దొరికింది లెండి, ఎలాగో కింద చెబుతాను. అప్పటి నుంచి ఆ లైన్ జోలికి పోలేదు. మీరూ పోకండి. పది బ్రాంచ్‌లు చేత్తో తీయడానికి రెండు నిమిషాలు పడుతుంది, అంతే.

నిజంగా మెర్జ్ అయినవేవో చూడాలంటే:

గిట్ బ్రాంచ్ --మెర్జ్‌డ్ మెయిన్

ఇందులో వచ్చినవాటిని, మెయిన్ తప్ప, చిన్న డితో తీసేయండి:

గిట్ బ్రాంచ్ -డి పేమెంట్-ఫిక్స్

చిన్న డి కాస్త వివేకం ఉన్న మనిషి లాంటిది. కలవని పని ఉంటే తీయనంటుంది. అయితే ఆ వివేకానికీ ఒక హద్దు ఉంది. బ్రాంచ్‌కి సర్వర్‌లో జత ఇంకా బతికే ఉంటే, ఆ జతతో పోల్చి చూస్తుంది తప్ప మెయిన్‌తో కాదు. అంటే పుష్ చేసి ఉంటే చాలు, మెయిన్‌లో కలవకపోయినా ఒక వార్నింగ్ ఇచ్చి తీసేస్తుంది. జత లేకపోతే మీరు ఇప్పుడు నిలబడి ఉన్న బ్రాంచ్‌తో పోలుస్తుంది. ముందే మెయిన్‌లోకి వెళ్లమన్నది అందుకే.

స్క్వాష్ తెచ్చే తలనొప్పి

మీ టీమ్‌లో స్క్వాష్ మెర్జ్ వాడతారా? అయితే పై జాబితాలో దాదాపు ఏదీ రాదు. మెర్జ్ అయిందని మీకు ఖాయంగా తెలిసిన బ్రాంచ్‌ని తీయబోయినా "నాట్ ఫుల్లీ మెర్జ్‌డ్" అని మొండికేస్తుంది. స్క్వాష్ మీ ఏడు కమిట్లను కలిపి, కొత్త నంబరుతో ఒకే కమిట్‌గా మెయిన్‌లో పెడుతుంది. గిట్ వెతికేది ఆ పాత ఏడు నంబర్ల కోసం. అవి మెయిన్‌లో ఎప్పటికీ ఉండవు.

ఇలాంటప్పుడు నేను చేసే పరీక్ష ఇది. మీ ఫోల్డర్లో కమిట్ చేయని మార్పులేవీ లేకుండా చూసుకుని, మెయిన్‌లో ఉండి ఒక ఉత్తుత్తి మెర్జ్ చేయండి.

గిట్ మెర్జ్ --నో-కమిట్ --నో-ఎఫ్ఎఫ్ పేమెంట్-ఫిక్స్
గిట్ డిఫ్ --క్యాష్‌డ్

రెండో కమాండ్‌కి ఏమీ రాకపోతే, ఆ బ్రాంచ్‌లో ఉన్నదంతా మెయిన్‌లో ఇప్పటికే ఉన్నట్టు. ఏవైనా లైన్లు వస్తే, అవి ఇంకా కలవనివి. ఏది వచ్చినా చివర్లో వెనక్కి రావడం మరవకండి:

గిట్ మెర్జ్ --అబార్ట్

మధ్యలో కాన్‌ఫ్లిక్ట్ వస్తే, మీ తర్వాత ఎవరో అవే లైన్లు మార్చారన్నమాట. అప్పుడూ అబార్ట్ కొట్టి, సర్వర్‌లో ఆ రిక్వెస్ట్ పేజీ తెరిచి మెర్జ్ అయిందో లేదో కళ్లతో చూసుకోండి.

స్క్వాష్ కాకుండా రీబేస్ పద్ధతి (కమిట్లను ఒక్కొక్కటిగా మెయిన్ మీద మళ్లీ పేర్చడం) అయితే ఇంకా తేలిక.

గిట్ చెర్రీ మెయిన్ పేమెంట్-ఫిక్స్

కమిట్ ముందు మైనస్ గుర్తు ఉంటే అలాంటి మార్పే మెయిన్‌లో ఉంది, ప్లస్ ఉంటే లేదు.

తేలాక పెద్ద డి:

గిట్ బ్రాంచ్ -పెద్ద డి పేమెంట్-ఫిక్స్

వెంటనే వచ్చే లైన్ చూడండి: "డిలీటెడ్ బ్రాంచ్ పేమెంట్-ఫిక్స్ (వాజ్ 4071926)". ఆ చివరి నంబరే మీ ఇన్సూరెన్స్. టెర్మినల్ మూసే ముందు ఆ లైన్లన్నీ ఒక టెక్స్ట్ ఫైల్లో పేస్ట్ చేసి పెట్టుకోండి. నేను డెస్క్‌టాప్ మీద "పోయినవి" అని ఒక ఫైల్ ఉంచుకుంటాను.

తీయకూడనిది తీసేస్తే

నంబరు ఉంటే ఒక్క లైన్ పని:

గిట్ బ్రాంచ్ పేమెంట్-ఫిక్స్ 4071926

బ్రాంచ్ ఎక్కడ ఆగిందో అక్కడి నుంచే తిరిగి వస్తుంది. నంబరు లేకపోతే:

గిట్ రెఫ్‌లాగ్

మీరు ఈ లాప్‌టాప్‌లో ఎప్పుడు ఏ కమిట్ మీద నిలబడ్డారో, కొత్తవి పైన వచ్చేలా చూపిస్తుంది. బ్రాంచ్ తీస్తే దాని సొంత లాగ్ దాంతోపాటే పోతుంది కానీ, హెడ్ (మీరు ఇప్పుడు నిలబడి ఉన్న చోటు) లాగ్ ఉంటుంది. మీరే ఆ బ్రాంచ్‌లోకి వెళ్లి కమిట్లు చేశారు కాబట్టి ఆ అడుగులన్నీ అందులో దొరుకుతాయి. నా రెండు రోజుల పని దొరికింది ఇక్కడే. కమిట్ మెసేజ్‌లో "రిపోర్ట్" అన్న మాట వెతికాను, కనిపించింది.

అయితే గడువు ఉంది. ఏ బ్రాంచ్ నుంచీ దారి లేని కమిట్ల రికార్డును గిట్ మామూలు సెట్టింగుల్లో 30 రోజులు ఉంచుకుంటుంది, మిగతావి 90 రోజులు. నెల దాటాక నెత్తీ నోరూ కొట్టుకున్నా గ్యారంటీ లేదు.

చిన్నాచితకా మొండి కేసులు

బ్రాంచ్ తీయబోతే ఎక్కడో వర్క్‌ట్రీలో (అదే రిపోకి తెరిచిన ఇంకో ఫోల్డర్లో) వాడుకలో ఉందని చెబుతోందా? గిట్ వర్క్‌ట్రీ లిస్ట్ కొట్టి చూడండి. ఆ ఫోల్డర్‌ని మీరెప్పుడో చేత్తో డిలీట్ చేసి ఉంటే గిట్‌కి ఆ సంగతి తెలియదు. గిట్ వర్క్‌ట్రీ ప్రూన్ అంటే సరిపోతుంది.

మాస్టర్ పేరు మెయిన్‌గా మారిన రిపోల్లో ఇంకో పాత గుర్తు మిగులుతుంది. గిట్‌హబ్ 2020 అక్టోబర్ నుంచి కొత్త రిపోలకు మెయిన్ అనే పేరే పెడుతోంది, ఆ ఊపులో చాలా పాత ప్రాజెక్టులు కూడా పేరు మార్చుకున్నాయి. అంతకుముందే క్లోన్ చేసిన వాళ్ల దగ్గర మాత్రం ఆరిజిన్/హెడ్ ఇంకా లేని మాస్టర్ వైపే చూస్తుంటుంది. దీనికి:

గిట్ రిమోట్ సెట్-హెడ్ ఆరిజిన్ --ఆటో

కరెంటు పోయి మెషిన్ ఒక్కసారిగా ఆగినప్పుడు ఒక్కోసారి "ఇగ్నోరింగ్ బ్రోకెన్ రెఫ్" అని వస్తుంది. చీటీ రాస్తుండగా కరెంటు పోయింది, ఫైల్ ఖాళీగా మిగిలింది. ఆ పేరు రెఫ్స్/రిమోట్స్ కింద ఉంటే ఆ ఖాళీ ఫైల్ తీసేసి మళ్లీ ఫెచ్ చేయండి, సర్వర్ నుంచి వస్తుంది. రెఫ్స్/హెడ్స్ కింద ఉంటే అది మీ సొంత బ్రాంచ్, తొందరపడకండి. .గిట్/లాగ్స్/రెఫ్స్/హెడ్స్ లోపల అదే పేరుతో లాగ్ ఫైల్ ఉంటుంది. దాని ఆఖరి లైన్లో రెండో నంబరు ఆ బ్రాంచ్ చివరగా ఉన్న చోటు. ఖాళీ ఫైల్ తీసేసి, ఆ నంబరు మీద బ్రాంచ్ మళ్లీ పెట్టండి. లాగ్ నుంచి నంబరు కాపీ చేసుకున్నాకే ఏదైనా తీయండి.

ఎప్పుడో జత చేసిన వేరేవాళ్ల ఫోర్క్‌లు (వాళ్లు చేసుకున్న కాపీ రిపోలు) ఉంటే గిట్ రిమోట్ -వి చూపిస్తుంది. గిట్ రిమోట్ రిమూవ్ అని ఆ రిమోట్ పేరు కొడితే, దాని చీటీలన్నీ కలిసి పోతాయి.

సర్వర్ కూడా శుభ్రం చేయాలంటే

ఇది మీ ఒక్కరిది కాదు, అందరిదీ. పాతవి పైన వచ్చేలా జాబితా తీయండి:

గిట్ బ్రాంచ్ -ఆర్ --సార్ట్=కమిటర్‌డేట్

పై పదింటిని ఎవరు చేశారో చూసి టీమ్ గ్రూపులో అడగండి. "అన్నా, ఈ మూడు బ్రాంచ్‌లు మీవే, ఏడాదిగా కదల్లేదు. వచ్చే శుక్రవారం తీసేస్తున్నా, కావాలంటే చెప్పండి" అని తేదీ వేసి రాయండి. తేదీ లేకపోతే "చూస్తా" అనే జవాబు వస్తుంది, ఎవరూ చూడరు. పాత వెర్షన్ వాడుతున్న కస్టమర్ కోసం ఉంచిన రిలీజ్ బ్రాంచ్‌లు చూడ్డానికి చచ్చినట్టే ఉంటాయి. వాటిని ముట్టుకోకండి. ఎటూ తేలనివాటికి ఒక ట్యాగ్ వేసి, అది పుష్ చేశాక బ్రాంచ్ తీయండి.

గిట్ ట్యాగ్ ఆర్కైవ్/పాత-రిపోర్ట్ ఆరిజిన్/పాత-రిపోర్ట్
గిట్ పుష్ ఆరిజిన్ ఆర్కైవ్/పాత-రిపోర్ట్
గిట్ పుష్ ఆరిజిన్ --డిలీట్ పాత-రిపోర్ట్

గిట్‌హబ్ వాడుతుంటే రిపో సెట్టింగ్స్‌లో "ఆటోమేటికల్లీ డిలీట్ హెడ్ బ్రాంచెస్" టిక్ చేయించండి. మెర్జ్ అవగానే సర్వర్‌లో బ్రాంచ్ దానంతటదే పోతుంది. పొరపాటున పోయినా ఆ రిక్వెస్ట్ పేజీలోనే రీస్టోర్ బటన్ ఉంటుంది. గిట్‌ల్యాబ్‌లో రిక్వెస్ట్ పెట్టేటప్పుడే సోర్స్ బ్రాంచ్ తీసేయమని టిక్ పెట్టొచ్చు.

ఇంత చేశాక ఫోల్డర్ సైజు చూసి, ఒక్క ఎంబీ కూడా తగ్గలేదేమిటని నిరుత్సాహపడొద్దు. మీరు తీసింది పేర్లను, కమిట్లను కాదు. పేరు పోయిన కమిట్లను గిట్ గడువు దాటాక తనే ఊడ్చుకుంటుంది. గిట్ జీసీ అనే ఊడ్చే కమాండ్‌కి --ప్రూన్=నౌ తగిలించి రెఫ్‌లాగ్ కూడా ఖాళీ చేయమని ఎవరైనా సలహా ఇస్తే వినకండి. సోమవారం ఉదయం మేనేజర్ వచ్చి అడిగినప్పుడు వెతకడానికి మిగిలేది ఆ రెఫ్‌లాగ్ ఒక్కటే.